అరువు రేపు: మా వీధి చివరి కిరాణా కొట్టు

పాత వ్యాపారాల గురించి ఒక ఎపిసోడ్ చేయమని చాలామంది అడిగారు. పాత వ్యాపారం అనగానే మనకి పెద్ద పేర్లే గుర్తొస్తాయి. 1948లో కర్నూలులో మొదలైన పుల్లారెడ్డి మిఠాయిలు, 1953 నాటి హైదరాబాద్ కరాచీ బేకరీ. వాటి గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను ఈరోజు బోర్డు మీద పేరు కూడా చెరిగిపోయిన ఒక కిరాణా కొట్టు గురించి మాట్లాడతాను. రాజమండ్రి ఇన్నీసుపేటలో, మా వీధి చివర ఉంటుంది. ఈ నెలాఖరుకి మూసేస్తున్నారు.

ఆ కొట్టు ఎలా నడిచేదంటే, ఒకటో తారీఖు దాటగానే అమ్మ చీటీ రాసేది. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఎండుమిర్చి... చీటీ, సంచీలు ఇచ్చి వచ్చేస్తే సాయంత్రానికి కొట్టు కుర్రాడు సైకిల్ మీద సరుకులు తెచ్చి పడేసేవాడు. డబ్బులు జీతం వచ్చాకే. గల్లాపెట్టె పైన "అరువు రేపు" అని ఒక అట్ట వేలాడుతుండేది, సరిగ్గా దాని కిందే అరువు రాసుకునే పద్దు పుస్తకాలు నాలుగు! ఇంటికో పేజీ. అదే లెక్క మా ఇంట్లో చిన్న పుస్తకంలో కూడా రాసిచ్చేవారు, తేడా రాకుండా.

వడ్డీ లేదు అంటాం గానీ, కేజీకి అర్ధో రూపాయో ఎక్కువే పడేదండి. అమ్మకి తెలుసు. తెలిసే అక్కడ కొనేది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నెల జీతం ఉన్న ఇళ్ళకి దొరికినంత అరువు రోజుకూలీకి వెళ్ళేవాళ్ళకి దొరికేది కాదు. వాళ్ళు ఏ పూటకాపూట చిన్న పొట్లాలు కట్టించుకునేవారు, అలా కొంటే కేజీ ధర కన్నా ఎక్కువే అవుతుంది. పాత కొట్టు అని అన్నీ బంగారం అనుకోకండి.

1998లో నాన్నకి పక్షవాతం వచ్చింది. నాలుగు నెలలు జీతం లేదు. రెండో నెల అమ్మ చీటీ రాయడం మానేసింది. ఏ మొహం పెట్టుకుని రాస్తుంది? మూడో తారీఖు సాయంత్రం సైకిల్ బెల్లు వినపడింది. పాత చీటీ చూసి అవే సరుకులు కట్టి పంపించారు బాబాయి గారు. మేం ఆయన్ని అలానే పిలుస్తాం. చీటీలో లేనిది ఒక్కటే ఉంది, బార్లీ పొట్లం. ఆ బాకీ తీరడానికి మాకు రెండేళ్ళు పట్టింది.

తర్వాత నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేశాను, అమ్మకి ఫోన్‌లోనే సరుకులు బుక్ చేయడం మొదలుపెట్టాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది చూడండి, యాప్‌లో ఆర్డరు పడలేదు. అప్పుడు గుర్తొచ్చారు బాబాయి గారు! రెండు నెలలు అమ్మకి గుమ్మం దాకా అన్నీ పంపించారు. అన్నీ మామూలయ్యాక నేను మళ్ళీ యాప్‌కే వెళ్ళిపోయాను. డిస్కౌంటు ఉంది కదా అని.

ఆయనకిప్పుడు 74. మోకాళ్ళు పట్టేశాయి, పిల్లలిద్దరూ బెంగళూరులో. మూసేస్తున్నారని తెలిసి, వీడియో తీద్దామని పోయిన వారం వెళ్ళాను. కెమెరా తీయగానే బల్ల మీదున్న పుస్తకాలు టక్కున మూసేశారు.

"వద్దురా అబ్బాయ్. ఇందులో అందరి పేర్లూ ఉన్నాయి. ఎవరు ఎంత బాకీయో ఊరంతా చూస్తే బాగుంటుందా?"

అందుకే ఈ ఎపిసోడ్‌లో కొట్టు ఒక్క షాట్ కూడా లేదు. నా మొహమే చూడాలి మీరు.

మా పేజీ మాత్రం చూపించారు. 640 రూపాయలు, 2020 మే నెలది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదేంటండీ అంటే, "అడిగితే మీ అమ్మ ఈ వీధిలో నడవడం మానేస్తుంది" అన్నారు. కొడుకు అంటించిన క్యూఆర్ స్టిక్కర్ ఉంది కదా అని ఫోన్ తీశాను. "దాంట్లో వేస్తే వాడి ఖాతాకి పోతుంది, పుస్తకంలో పడదు" అన్నారు. ఏటీఎంకి వెళ్ళి తెచ్చిచ్చాను. లెక్కపెట్టి, 60 చిల్లర తిరిగిచ్చి, పేజీకి అడ్డంగా గీత గీసి "చెల్లు" అని రాశారు.

తర్వాత, "అమ్మ ఇప్పుడు ఏ కందిపప్పు వాడుతోంది? ఉడుకుతోందా?" అని అడిగారు. నాకు తెలీదండి. బుక్ చేసేది నేనే, అయినా తెలీదు.

ఇన్నీసుపేట వాళ్ళు ఎవరైనా ఇది చూస్తుంటే, నెలాఖరు దాకా పొద్దున్న పూట కొట్టు తెరిచే ఉంటుంది. ఆయన ఫోన్ చేసి అడగరు. మీరే ఒకసారి వెళ్ళి మీ పేజీ చూసుకోండి. నోట్లు పట్టుకెళ్ళండి. ఉంటానండి.