పట్టాలు వేసిన చేతులు

(తెలుగు తరగతి విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం)



రైలుబండి అంటే మీ అందరికీ ఇష్టమే. కిటికీ పక్కన చోటు కోసం పిల్లలు పోట్లాడుకోని ఇల్లు ఉండదు. ఆ కిటికీలో నుంచి చెట్లు, చేలు, ఊళ్లు, వంతెనలు అన్నీ కనిపిస్తాయి. ఒక్కటి మాత్రం కనిపించదు. అదేమిటో చెప్పగలరా? మనల్ని మోస్తున్న పట్టా! దాని మీదనే పోతూ ఉంటాము గనుక అది మన కంట పడదు. ఈనాడు ఆ పట్టాను గురించి, దానిని పరచినవారిని గురించి నాలుగు మాటలు చెబుతాను.

కిందటి వేసవిలో మా తమ్ముడి కుటుంబంతో కలిసి కాలిఫోర్నియాలో ఒక రోజంతా రైలు ప్రయాణం చేశాను. మాతోపాటు మా నాన్నగారు కూడా వచ్చారు. ఆయన విజయవాడ ప్రాంతంలో ముప్పై ఏళ్లు రైల్వే గ్యాంగుమన్‌గా పనిచేశారు. ఎండనక, వాననక పట్టాలు సరిచూడడం, కంకర సర్దడం ఆయన ఉద్యోగం.

ఉదయమే ఫ్రీమాంట్ స్టేషనులో కాపిటల్ కారిడార్ అనే బండి ఎక్కాము. రాష్ట్ర రాజధాని అయిన శాక్రమెంటో నగరానికి మా ప్రయాణం. బండికి రెండంతస్తుల పెట్టెలు ఉన్నాయి. పిల్లలు పై అంతస్తుకు పరుగెత్తారు. మా మరదలు పులిహోర, పెరుగన్నం కట్టి తెచ్చింది. మీలో కొందరు ఆ దారిన వెళ్లే ఉంటారు. రిచ్‌మండ్ దాటిన తరువాత బండి నీటి అంచు వెంటనే పోతుంది. మార్టినెజ్ వద్ద పొడవైన ఇనుప వంతెన వస్తుంది. 1930లో ఆ వంతెన కట్టక ముందు, రైలు పెట్టెలను పెద్ద పడవల మీదికి ఎక్కించి అవతలి ఒడ్డుకు చేర్చేవారు. 1879లో వచ్చిన సొలానో అనే పడవ ఆ రోజుల్లో ప్రపంచంలోని అటువంటి పడవలన్నిటిలోకి పెద్దది.

"రైలు పడవెక్కిందా!" అని పిల్లలు విరగబడి నవ్వారు.

"ఓడలు బండ్ల మీదికీ, బండ్లు ఓడల మీదికీ వస్తాయని మన పెద్దలు ఊరికే అనలేదు" అన్నారు నాన్నగారు.

శాక్రమెంటో స్టేషనులో దిగి కొంచెం దూరం నడిస్తే పాతబస్తీ వస్తుంది. అక్కడ 1981లో తెరిచిన రాష్ట్ర రైల్వే ప్రదర్శనశాల ఉన్నది. లోపల ఎన్నో ఆవిరి ఇంజన్లు ఉన్నాయి. వాటిలో ఒకటి పది లక్షల పౌన్లకు పైగా బరువైనది. విచిత్రమేమిటంటే, దానిలో డ్రైవరు గది ముందు, పొగగొట్టం వెనుక ఉంటాయి. కొండ సొరంగాలలో పొగ కమ్మి డ్రైవరుకు ఊపిరాడకపోవడం చేత అలా తయారుచేశారు.

ఆ సొరంగాలను తొలిచిందెవరు? అసలు కథ ఇక్కడ ఉన్నది. 1863లో శాక్రమెంటో నుంచి తూర్పు దిక్కుగా రైలుమార్గం మొదలుపెట్టారు. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ వద్ద, తూర్పు నుంచి వచ్చిన మార్గంతో అది కలిసింది. శాక్రమెంటో నుంచి అక్కడికి 690 మైళ్లు. ఈ పనిలో అత్యధికులు చైనా నుంచి వచ్చిన కూలీలు. సియెరా నెవాడా కొండల శిఖరం వద్ద 1,659 అడుగుల సొరంగాన్ని నల్లరాతిలో వారు తొలిచారు. రాయి ఎంత గట్టిదంటే ఒక్కొక్క రోజు ఒక అడుగు సాగడమే గగనమయ్యేది. మంచుచరియలు విరిగిపడి, మందుగుండు పేలి ఎందరో మరణించారు. ఎందరో ఎవరూ లెక్క రాయలేదు. తెల్లవారికి జీతంతోపాటు భోజనం పెట్టేవారు. చైనావారు తమ తిండి తామే కొనుక్కోవాలి. 1867 జూన్‌లో వేలమంది చైనా కూలీలు సమాన వేతనం కోసం పని ఆపారు. కంపెనీ వారికి తిండి సరుకులు అందకుండా చేసి సమ్మెను అణచివేసింది.

1869 ఏప్రిల్ 28న ఒక్క రోజులో 10 మైళ్లకు పైగా పట్టా వేశారు. ఆ రోజు పట్టాలు మోసిన ఎనిమిది మంది ఐర్లండు వారి పేర్లు చరిత్రలో నిలిచాయి. వారి వెంట పనిచేసిన వేలాది చైనా వారి పేర్లు నిలవలేదు. జీతాల పుస్తకంలో చాలాచోట్ల ముఠా మేస్త్రి పేరు ఒక్కటే రాసేవారు.

ఇది విని నా మేనకోడలు, "తాతా! మరి నీ పేరు రాసుకునేవారా?" అని అడిగింది.

"రాయకేమమ్మా! పొద్దున్నే మస్టరు పుస్తకం తీసి పేరు పేరునా పిలిచేవారు. ఆ పిలుపు వింటే మనిషిగా లెక్కలో ఉన్నామని ధైర్యం కలిగేది" అన్నారు నాన్నగారు. ఆ తరువాత ఆయన చాలాసేపు ఆ కూలీల బొమ్మల ముందే నిలబడిపోయారు.

2012లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పండితులు ఈ కూలీల చరిత్ర కోసం అమెరికాలోను, చైనాలోను వెదకడం ప్రారంభించారు. పారలు దొరికాయి, గిన్నెలు దొరికాయి. కాని ఒక కూలీ స్వహస్తంతో రాసిన ఉత్తరం ఒక్కటైనా దొరకలేదు. వారిలో అక్షరాలు వచ్చినవారు లేకపోలేదు. అయితే 1882లో చైనా కూలీల రాకనే నిషేధిస్తూ చట్టం వచ్చింది. కొన్ని ఊళ్లలో వారి పేటలను తగులబెట్టారు. వారి స్వదేశంలోనూ యుద్ధాలు చెలరేగాయి. రాసిన కాగితాలు ఏమైపోయాయో! చివరకు 2014లో అమెరికా కార్మికశాఖ తన గౌరవ మందిరంలో వారికి చోటిచ్చింది. అప్పటికి రైలుమార్గం పూర్తయి 145 ఏళ్లు.

ఇది చైనా వారి కథ మాత్రమే అనుకోకండి. రాజమండ్రి వద్ద గోదావరి మీద 1900లో తెరిచిన పాత రైలు వంతెనకు అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. నది అడుగున పునాదులు తవ్విన కూలీలలో ఒక్కరి పేరైనా మనం చెప్పగలమా?

పిల్లలూ! మీ తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఏ పని చేసి ఇల్లు నిలబెట్టారో మీకు తెలుసా? వారిని అడగండి. వారు చెప్పేది తెలుగులోనే చెబుతారు; దానిని తెలుగులోనే రాసిపెట్టండి. ఊరి పేరు, పని పేరు, సంవత్సరం మరువకండి. అన్నిటికన్నా పైన వారి పేరు పూర్తిగా రాయండి. తప్పులు పోతే దిద్దడానికి మేము ఉన్నాము. రాయని మాటను మాత్రం ఏ ఉపాధ్యాయుడూ దిద్దలేడు. వచ్చే వారం తరగతికి ఒక్కొక్కరు ఒక్కొక్క పుట రాసి తీసుకురండి.