బడి బస్సు రావడం మానేశాక



ప్రత్యేక పాఠశాలకు వెళ్లే పిల్లలకు 18 ఏళ్లు నిండాయంటే చాలాచోట్ల ఇంటి ముందుకు బస్సు రావడం మానేస్తుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 2016 వికలాంగుల హక్కుల చట్టం 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. ఆ తర్వాత? ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లంతా కలిసి పంచుకోవలసింది అందులో 1 శాతమే. పరీక్ష రాయలేని బిడ్డకు అదీ అందదు.

ఇక మిగిలేది ఇల్లు, టీవీ. అమ్మ పని మానేస్తుంది. బస్సు నంబరు చూసి ఎక్కడం, చిల్లర లెక్కపెట్టుకోవడం, బళ్లో పదేళ్లు పట్టి నేర్చుకున్నవన్నీ వాడకం లేక పోతాయి.

తమిళనాడులో ఉన్న మన ఇళ్లల్లో ఇంకొకటి కూడా పోతుంది. బళ్లో బిడ్డ ‘తణ్ణి’ అని అడిగి తాగాడు, ఇంట్లో ‘నీళ్లు’ అన్నాడు. బడి ఆగాక తమిళంలో మాట్లాడే స్నేహితులు లేరు. ఇంట్లోవాళ్లకేమో అతను బళ్లో నేర్చిన సైగలు తెలియవు. ఉన్న కొద్ది మాటల్లో సగం అలా మూగబోతాయి. అందుకే మనం ఏది మొదలుపెట్టినా రెండు భాషలూ వచ్చినవాళ్లు అక్కడ ఉండాలి. తరాలుగా బడి లేకపోయినా తెలుగు నిలుపుకున్నవాళ్లం, ఈ మాత్రం చేయలేమా?

మన చర్చి హాలు ఆదివారం తప్పిస్తే తాళం వేసే ఉంటుంది. వారానికి మూడు రోజులు, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా తెరుద్దాం. మొదట ఎనిమిదిమంది చాలు. ముందు మెట్ల పక్కన వాలు కట్టాలి: ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మరుగుదొడ్డి గుమ్మం 90 సెంటీమీటర్లైనా ఉంటే చక్రాల కుర్చీ ఇబ్బంది లేకుండా పడుతుంది. ప్రార్థనకు రమ్మని పిలిచి మరుగుదొడ్డికి వెళ్లే దారి లేకుండా చేస్తే ఏం పిలుపు అది?

అక్కడ ఏం చేయించాలి అంటే అందరూ కొవ్వొత్తులు, కాగితం కవర్లు అంటారు. ఎవరైనా ఆ బిడ్డను అడిగారా? ఒకరికి మొక్కలకు నీళ్లు పోయడం ఇష్టం, ఒకరికి కుర్చీలు వరసగా వేయడం, ఇంకొకరికి ఊరికే నలుగురి మధ్య కూర్చోవడం. వంట, బజారు, బస్సు ప్రయాణం నేర్పడం వీటన్నిటికంటే ముఖ్యం. అమ్మగా వచ్చిన డబ్బు వాళ్ల ఖాతాలోకే పోవాలి. పాతికేళ్లవాడిని ‘బాబు, చిట్టి’ అనడం మానాలి. క్రిస్మస్‌కు దుప్పటి ఇచ్చి ఫోటో తీసుకోవడం కూడా.

కాగితాల పనిలో మేము తోడు వస్తాం. బిడ్డకు 18 దాటాక తల్లిదండ్రులు తమంతట తామే చట్టపరమైన సంరక్షకులు కారు. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి. అందరికీ సంరక్షకులు అక్కర్లేదు. తన నిర్ణయం తాను చెప్పగలిగినవాడి తరఫున మనం సంతకం పెట్టేయకూడదు. వైద్యానికి అదే ట్రస్ట్ నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంది.

‘మేము పోయాక వీడికెవరు?’ అని మీరు అడుగుతారు. హాలు తెరిస్తే దానికి పూర్తి జవాబు దొరకదు. కానీ మీరు లేని పూట కూడా అతని పేరు, ఇష్టాలు, భయాలు తెలిసినవాళ్లు ఊళ్లో పదిమంది ఉంటారు. అందుకు వారం మధ్యలో రాగలిగినవాళ్లు ఇద్దరు కావాలి, రిటైరైనవాళ్లయినా సరే. పేర్లు ఇప్పుడే చెప్పండి. హాలు తాళంచెవి సోమవారం ఎవరి దగ్గర ఉంటుందో సంఘ పెద్దలు కూడా ఇక్కడే తేల్చండి.