తీరిక వేళ లేసు అల్లిక – దాని కూలి లెక్క



ఈ వేళ నేను చెప్పబోయేది వరి సంగతి కాదు, ఎరువుల సంగతీ కాదు. రైతు ఇంట్లో మన అక్కచెల్లెళ్ళు పగటిపూట వసారాలో కూర్చుని అల్లే లేసును గురించి. "ఇది వ్యవసాయం వాళ్ళకెందుకయ్యా?" అని పెద్దలు కొందరు అనవచ్చు. రైతు ఇంటికి వచ్చే ప్రతి రూపాయీ, ఆ ఇంట్లో ఖర్చయ్యే ప్రతి గంటా సేద్యపు లెక్కలోనిదే గదా! పాడి మన లెక్కలో ఉన్నది, కోళ్ళు ఉన్నవి, పెరటి కూరగాయలు ఉన్నవి. లేసు మాత్రం ఏం పాపం చేసింది? అందుచేత రెండు విషయాలు చెబుతాను. ఇంట్లో వాడుకునే వస్తువు ఒకటి ఎట్లా అల్లుకోవచ్చునో మొదట చెబుతాను. అమ్మకానికి అల్లేటప్పుడు కూలి ఎట్లా కట్టుకోవాలో తరువాత చెబుతాను. లేసు అనగానే మగవాళ్ళు రేడియో దగ్గరనుంచి లేచి వెళ్ళవద్దు. రెండో విషయం వారు కూడా వినవలసినదే.

లేసు పేరు చెప్పగానే మనకు గుర్తుకు వచ్చే ఊరు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఆ పట్నంలో, చుట్టుపక్కల పల్లెల్లో, పందొమ్మిదవ శతాబ్దం నడిమి కాలంలో క్రైస్తవ మిషనరీలు ఈ పని నేర్పినారు. గోదావరికి ఎగువన దుమ్ముగూడెంలో కూడా మిషను వారి ద్వారానే లేసు పని పాదుకున్నది. సుమారు అదే కాలంలో, 1845 మొదలుకొని, ఐర్లండు దేశంలో ఆలుగడ్డ పైరుకు మాడు తెగులు తగిలి ఘోరమైన కరువు వచ్చింది. అక్కడ ఎన్నో రైతు కుటుంబాలను కొంతవరకు ఆదుకున్నది ఈ కొక్కెపు సూదితో అల్లే లేసే. పైరు పోయినప్పుడు చేతిపని కాస్త గంజి పోసిన సందర్భం అది. తెగుళ్ళ సంగతి చదువుకున్న నావంటివాడికి ఈ కథ ఎప్పుడూ మరపురాదు.

సరే, పనిలోకి వద్దాం. క్రోషే అంటే ఒకే సూది, ఒకే దారం. స్వెట్టరు అల్లడానికి రెండు సూదులు కావాలి. దీనికి చివర చిన్న కొక్కెం ఉన్న సూది ఒక్కటి చాలు. మగ్గం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. బిడ్డ ఏడిస్తే పక్కన పెట్టి మళ్ళీ అందుకోవచ్చును.

కొత్తగా నేర్చుకునేవారు బల్లగుడ్డలకూ మంచం దుప్పట్లకూ దిగవద్దు. చెంబు మూతగుడ్డతో మొదలుపెట్టండి. మజ్జిగ చెంబు మీద, మంచినీళ్ళ జగ్గు మీద వేసే గుండ్రని గుడ్డ అది. అంచున పూసలు వేలాడుతూ ఉంటాయి గనుక గాలికి ఎగిరిపోదు. కొందరు మొత్తం మూతను లేసుతోనే అల్లుతారు. చూడ ముచ్చటగా ఉంటుంది గాని ఆ కంతల్లోంచి ఈగ సుఖంగా దూరుతుంది. నడుమ గుడ్డ, చుట్టూ లేసు ఉంటేనే ప్రయోజనం.

దీనికి మెత్తబడిన పాత నూలు పంచె ముక్క చాలు. చెంబు మూతి నాలుగు అంగుళాలుంటే ఎనిమిది అంగుళాల వెడల్పు పళ్ళెం ఒకటి బోర్లించి గీత గీయండి. మడతకు అర అంగుళం ఎక్కువ ఉంచి కత్తిరించి, అంచు సన్నగా మడిచి కుట్టండి. దారం 20 నంబరు తెల్లనూలు తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని గుర్తుంచుకోండి. 10 నంబరు లావు, 40 సన్నం. 20 నంబరుకు ఒకటింపావు మిల్లీమీటరు సూది సరిపోతుంది. పూసలు గాజువి కావాలి, ప్లాస్టిక్కువి తేలిక గనుక బరువు చాలదు. కొనేటప్పుడే పూస కంతలోకి మీ దారం పడుతుందో లేదో అంగడిలోనే చూసుకోండి. ఇంటికి వచ్చి చూసుకుంటే అంగడివాడు తిరిగి తీసుకోడు.

ముందు గొలుసు కుట్టు. దారం కొసకు జారుముడి వేసి ఆ ఉచ్చును సూదికి తగిలించండి. దారాన్ని ఎడమచేతి చూపుడు వేలి మీదుగా పోనిచ్చి కాస్త బిగువుగా పట్టుకోండి. కొక్కెంతో దారాన్ని పట్టి ఉచ్చులోంచి ఇవతలికి లాగితే ఒక గొలుసు. అట్లాగే మరొకటి, మరొకటి. మొదటి రోజు ఇంకేమీ చేయవద్దు. ఇరవై గొలుసులు అన్నీ ఒకే సైజులో వచ్చేదాకా అల్లడం, విప్పడం, మళ్ళీ అల్లడం. విప్పితే దారం పాడవదు, అదే ఈ పనిలో సుఖం. తప్పు నారు పీకి మళ్ళీ నాటలేము గాని తప్పు కుట్టు మాత్రం ఎన్నిసార్లయినా విప్పవచ్చును.

తరువాత పొట్టి కుట్టు. గుడ్డ అంచు వెంట లావుపాటి సూదితో మూడేసి మిల్లీమీటర్లకు ఒక కంత చేసుకోండి. కొక్కెం అందులో దూర్చి దారాన్ని ఇవతలికి లాగితే సూది మీద రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్ళీ దారం పట్టి ఆ రెండింటిలోంచి ఒకేసారి లాగెయ్యండి. అదే పొట్టి కుట్టు. ఇట్లా గుడ్డ చుట్టూ తిరిగి రండి. మన కొలతకు సుమారు 208 కుట్లు వస్తాయి. ఒకటి రెండు తేడా ఉన్నా నాలుగుతో భాగించబడేటట్లు సరిచేసుకోండి. రెండో వరుసలో ఆరు గొలుసులు అల్లి, మూడు కుట్లు విడిచి నాలుగో దానిలో పొట్టి కుట్టు వెయ్యండి. చిన్న తోరణం వచ్చింది గదా! ఇట్లా చుట్టూ 52 తోరణాలు.

ఇక్కడ ఆగి గుడ్డను నేలమీద పరచి చూడాలి. అంచు గిన్నెలాగా లోపలికి ముడుచుకుంటూ ఉంటే గొలుసులు చాలలేదన్నమాట. ఆరుకు బదులు ఏడు వెయ్యండి. కుచ్చిళ్ళు పడుతూ ఉంటే ఎక్కువైనవి, ఐదుకు దిగండి. చెయ్యి బిగువు మనిషి మనిషికీ మారుతుంది. అందుచేత పుస్తకంలో రాసిన లెక్కకన్నా నేలమీద పరచి చూడడమే నమ్మదగినది.

ఆఖరు వరుసకు ముందు దారం తెంపి, 26 పూసలు దారపుండ వైపు దారానికి ఎక్కించుకోవాలి. చాలమంది ఇది మరచి వరుస మొదలుపెట్టిన తరువాత నాలుక కరచుకుంటారు. మొదటి తోరణం నడుమ దారం కట్టి మూడు గొలుసులు అల్లండి. పూసను సూది దాకా జరిపి దాని వెనకనుంచి ఒక గొలుసు బిగించండి. మళ్ళీ మూడు గొలుసులు అల్లి, పక్క తోరణం నడుమ పొట్టి కుట్టు. ఆ పై తోరణానికి పూస లేకుండా ఏడు గొలుసులు. ఒకటి విడిచి ఒకటి పూస పడాలి. చివర ముడి వేసి దారపు కొసను కుట్లలోనికి దూర్చి కత్తిరించండి.

మాసినప్పుడు గోరువెచ్చని నీళ్ళలో సబ్బుతో ఉతికి, పిండకుండా, మడిచిన తువాలు మీద అదిమి నీరు తియ్యండి. పలుచని అన్నపు గంజిలో ముంచి, తోరణాలు ఒక్కొక్కటీ వేలితో లాగి సరిచేసి నీడలో ఆరబెట్టండి. అల్లేటప్పుడు దారపుండను ఒక చెంబులో వేసుకుంటే నేలమీద దొర్లి మట్టి అంటుకోదు. చేతులు కడుక్కుని కూర్చోవాలి. పగటి వెలుతురులో, వెలుగు ఎడమ పక్కనుంచి పడేటట్లు కూర్చోవాలి. రాత్రి దీపం కింద తెల్లదారం అల్లడం కళ్ళకు శ్రమ. మెడ పట్టేస్తే పని ఆపి లేచి నాలుగడుగులు నడవండి.

ఇది ఇంటి వాడకం సంగతి. ఇక అమ్మకం సంగతి.

నరసాపురం ప్రాంతంలో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి ఏమిటంటే, ఏజెంటు నూలు తెచ్చి ఇస్తాడు, నమూనా చూపిస్తాడు, అల్లిన సరుకు పట్టుకుపోయి కుట్టుకూలి ఇస్తాడు. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు, మరొక ఇంట్లో ఆ పువ్వులను అతుకుతారు, ఇంకెక్కడో అంచు కట్టి ఇస్త్రీ చేస్తారు. పువ్వు అల్లిన ఆవిడ పూర్తి అయిన బల్లగుడ్డను కంటితో చూడకపోవచ్చు. మరియా మీస్ అనే జర్మను దేశపు సామాజిక శాస్త్రవేత్త ఈ లేసు పనివారిని గురించి పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె ఎత్తి చూపిన ముఖ్యమైన సంగతి ఇది. ఈ స్త్రీలు విదేశీ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తూ ఉన్నా, వారిని పనివారు అని ఎవ్వరూ అనరు. ఇంటిదగ్గర తీరికగా కూర్చున్న గృహిణులు అంటారు. ఆ పేరే వారి కూలి తక్కువగా ఉండడానికి ఆధారమైనది.

ఆ మాట నిజమా కాదా అని వాదించుకోనక్కరలేదు, మన ఇంట్లోనే లెక్క కట్టి చూడవచ్చు. ఇప్పుడు చెప్పే అంకెలు ధరలు కావు, లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవి. ఒక ముక్క అల్లడానికి 9 గంటలు పట్టిందనుకోండి. ఏజెంటు 90 రూపాయలు ఇచ్చాడు. అంటే గంటకు 10 రూపాయలు. ఎనిమిది గంటల దినానికి 80 రూపాయలు. దీనిని మీ ఊళ్ళో నాట్లకు ఇచ్చే కూలి పక్కన పెట్టి చూసుకోండి. అదే ముక్కను సంఘం తరఫున మీరే 250 రూపాయలకు అమ్మినారనుకోండి. దారానికి 40, కవరుకూ బస్సుకూ 30 తీసేస్తే 180 మిగులుతుంది. తొమ్మిది గంటలకు గంటకు 20 అని సంబరపడవద్దు. ఐదు ముక్కలు పట్టుకుని పట్నం వెళ్ళి రావడానికి ఐదు గంటలు పట్టింది గదా, ముక్కకు ఒక గంట చొప్పున అదీ కలపాలి. అప్పుడు పది గంటలకు 180, అనగా గంటకు 18 రూపాయలు.

ఏజెంటును దొంగ అనడం నా ఉద్దేశం కాదు. నూలు పెట్టుబడి ఆయనది, ఆర్డరు తెచ్చేది ఆయన, సరుకు నచ్చలేదని తిప్పికొడితే నష్టపడేదీ ఆయనే. అయితే గంట లెక్క తెలియని మనిషి ఆయనతో బేరం ఎట్లా ఆడగలదు? ధాన్యం కాటా దగ్గర ఒక కిలో తేడా వస్తే గొడవ పెట్టే మగవాళ్ళు, ఇంట్లో ఆడవాళ్ళ తొమ్మిది గంటలు ఎటు పోయినవో అడగరు. పైగా "ఊరికే కూర్చోక ఏదో చేసుకుంటోంది లెండి" అంటారు. తెల్లవారి పాలు పితికి, వంట చేసి, పొలానికి అన్నం పంపి, మధ్యాహ్నం సూది పట్టిన మనిషి ఊరికే కూర్చున్నదా బాబూ?

కాబట్టి అక్కచెల్లెళ్ళు ఒక చిన్న పుస్తకం పెట్టుకోవలెను. ముక్క పేరు, మొదలుపెట్టిన తేదీ, రోజుకు ఎన్ని గంటలు, ఎంత దారం, చేతికి ఎంత వచ్చింది, ఇంతే. రాయడం రానివారికి బడికి వెళ్ళే అమ్మాయి రాసి పెడుతుంది. ఆ అమ్మాయి చేత రాయించండి గాని, బడి మానిపించి ఆమె చేతికి సూది ఇవ్వవద్దు. సెలవుల్లో నేర్చుకుంటే ముచ్చటే.

రెండవది, పువ్వు అల్లేవారు అతుకు పని కూడా నేర్చుకోవాలి. వస్తువు మొత్తం చేయగలిగినవారికే దాని ధర అడిగే వీలుంటుంది. ఒక్కరికి రాకపోయినా సంఘంలో పదిమందిలో ఇద్దరికి వచ్చినా చాలును.

నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి మీరు విని ఉంటారు. మంచిదే. మన బంగినపల్లి మామిడికి ఉన్నటువంటి గుర్తింపే అది. అయితే గుర్తింపు వచ్చినంత మాత్రాన మన వసారాలో కూలి పెరగదు. ఆ పేరు పెట్టుకుని అమ్మడానికి అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. ఆ ప్రాంతపు లేసు సంఘాలు ఆ పని చూసుకోవాలి. ఇతర జిల్లాల వారు బాగా అల్లినా సరే, నరసాపురం పేరు వేసుకోకూడదు.

పని వేళ సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. డెల్టాలో సార్వా నాట్లు అయిన తరువాత కొన్నాళ్ళు, దాళ్వా కోతలై కాలువలు కట్టేసిన తరువాత కొన్నాళ్ళు పొలంలో ఆడవాళ్ళకు పని తగ్గుతుంది. పెద్ద ఆర్డర్లు ఆ రోజులకు ఒప్పుకోండి. నాట్ల రోజుల్లో ఒప్పుకుంటే అటు కూలి పోతుంది, ఇటు గడువు తప్పి సరుకు తిరిగివస్తుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మీరు వెళ్ళే తదుపరి సంఘ సమావేశానికి ప్రతి ఒక్కరినీ తాము అల్లుతున్న ముక్క, సూది, దారపుండ తెచ్చుకొమ్మని చెప్పండి. గోడ గడియారం చూసి అరగంట సేపు అల్లించండి. ఎవరు ఎన్ని తోరణాలు అల్లినారో వారి వారి పుస్తకాల్లో రాయించండి. ఆ అరగంటనుబట్టి పూర్తి ముక్కకు ఎన్ని గంటలు పడతాయో అక్కడికక్కడే కట్టించండి. ఆ తరువాత ఆ ముక్కకు కిందటిసారి ఎంత కూలి వచ్చిందో వారినే చెప్పమనండి.