పెద్దవాళ్ల సంచి వాళ్ల చేతిలోనే ఉండాలి

(తిరువూరులో జరిగిన సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పు, వడ్డీ – ఇవన్నీ మనం పైసాతో సహా లెక్క రాస్తాం. ఇంట్లో అత్తమ్మ, నాన్న ఏం కొంటున్నారో, ఎలా కొంటున్నారో మాత్రం సంఘంలో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఈరోజు ఆ సంగతి చెబుతాను.

2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు అయింది. డబ్బు ఇంటికే వస్తోంది. అది చేతిలో పడగానే చాలామంది పెద్దవాళ్లు ముందు వీధి కొట్టు ఖాతా తీరుస్తారు. తర్వాత మందులు, టీపొడి, ఆకు వక్క, మనవడికి బిస్కెట్లు.

"టౌన్లో చవక కదా, అక్కడ కొనొచ్చుగా" అంటాం మనం. వాళ్ల లెక్క వాళ్లకుంది. ఊళ్లనుంచి తిరువూరు రావాలంటే ఆటో చార్జీకే మిగులు పోతుంది. నెల సరుకు ఒక్కసారి మోయలేరు. వీధి కొట్లో పావుకిలో అయినా ఇస్తారు, డబ్బు లేనిరోజు అరువూ ఇస్తారు. చింతపండు పిసికి, కందిపప్పు నోట్లో వేసుకుని చూసి కొనడం చాదస్తం కాదమ్మా, తెలివి.

అయితే ప్యాకెట్ సరుకు సంగతి చేతికీ ముక్కుకీ తెలియదు. అంతా చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ మన సాయం కావాలి.

ఒకటి, ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. కూలింగ్ చార్జీ అంటూ పైన ఒక్క రూపాయి తీసుకోకూడదు. తీసుకుంటే 1915కి ఫోన్ చేయొచ్చు.

రెండు, ధర అదే ఉంచి బరువు తగ్గించిన ప్యాకెట్లు వస్తున్నాయి. గ్రాములు చదివి చెప్పండి.

మూడు, నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే గడువు తేదీ మిగతా ముక్క మీద ఉండిపోవచ్చు. తేదీ చూసి, బిల్లు అడిగి తీసుకోమనండి.

నాలుగు, ఫోన్‌లో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. "డబ్బులు పడతాయి, పిన్ కొట్టండి" అన్నారంటే అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఖాతా పుస్తకం. అది కొట్లోనే ఉంటుంది, చదువురాని పెద్దవాళ్లు నోటిమాట నమ్మి డబ్బు కడతారు. మన పొదుపు పుస్తకం మన దగ్గర ఉన్నట్టే వాళ్లకూ ఒక చిన్న పుస్తకం ఉండాలి. తెచ్చిన రోజే రాసి, చదివి వినిపించాలి.

ఇంకొక్క మాట. "నీకెందుకమ్మా, నేను తెస్తాగా" అని సంచీ, పింఛనూ రెండూ లాక్కోవద్దు. బజారుకెళ్తే నలుగురు పలకరిస్తారు. తనకు నచ్చింది తను కొనుక్కున్న తృప్తి ఉంటుంది. పింఛను వాళ్ల పేరున వస్తోంది, ఖర్చుపెట్టే హక్కూ వాళ్లదే. లెక్క మనం చూద్దాం, డబ్బు వాళ్ల దగ్గరే ఉంచుదాం.

వచ్చే నెల సంఘం మీటింగుకి ప్రతి సభ్యురాలూ తన ఇంట్లో పెద్దవాళ్ల ఖాతా ఒకసారి సరిచూసి రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.