పెద్ద భవనాలకు కరెంటు పొదుపు నియమావళి – మన జిల్లాలకు దాని అవసరం

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశమంటే డి.ఎ. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు. వాటిని గురించి నాకంటే బాగా చెప్పగల పెద్దలు వేదిక మీదనే ఉన్నారు. నేను సర్వీసంతా భవనాల పనులు చూసినవాణ్ణి గనుక భవనాల గురించే నాలుగు మాటలు చెప్తాను. అందుకు ఒక కారణం కూడా ఉంది. మన సంఘ భవనం పైన సమావేశ మందిరం వేయాలని కార్యవర్గం తలపెట్టింది. ప్లాను కాగితం మీద ఉంది, స్లాబు ఇంకా పడలేదు. మాట్లాడుకోవలసిన సమయం ఇదే.

పెద్ద భవనాలలో కరెంటు వాడకానికి దేశంలో ఒక నియమావళి ఉంది. ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్ అంటారు, క్లుప్తంగా ఇ.సి.బి.సి. ఇది హైదరాబాదు అద్దాల మేడల సంగతి, మనకెందుకని చాలామంది అనుకుంటారు. మనకే ఎక్కువ కావాలని నా మనవి.

కరెంటు ఎక్కడి నుండి వస్తుందో మన ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. రామగుండంలో 62.5 మెగావాట్ల బి-థర్మల్ కేంద్రం 1971లో మొదలై 2024లో మూతపడింది. ఎన్.టి.పి.సి. మొదటి యూనిట్ 1983లో వచ్చి, తర్వాత ఏడు యూనిట్లతో 2600 మెగావాట్లయింది. 2016లో జైపూర్ దగ్గర సింగరేణి వారి 1200 మెగావాట్లు, 2023-24లో రామగుండంలోనే మరో 1600 మెగావాట్లు తోడయ్యాయి. బొగ్గు గోదావరిఖనిది, శ్రీరాంపూర్‌ది, మందమర్రిది. నీళ్లు గోదావరివి. వెలుగు అందరిదీ, బూడిద మాత్రం మనది. ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. ఎక్కడో ఒక షోరూములో వృథాగా పోయిన యూనిట్ ఇక్కడ మన గనిలో ఒక తట్ట తవ్వకం, మన గాలిలో ఒక పిడికెడు దుమ్ము. అందుచేత పొదుపు మాట ముందుగా మనమే ఎత్తుకోవాలి.

ఇక మన ఎండల సంగతి. రామగుండంలో, ఆదిలాబాదులో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అదే ఆదిలాబాదులో చలికాలం రాత్రి 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఇంత తేడాను తట్టుకొని బతకడం మన పెద్దలకు తెలుసు. జగిత్యాల, నిర్మల పాత ఇండ్లు గుర్తుకు తెచ్చుకోండి. మూరెడు మందం మట్టిగోడలు, పైన గూన పెంకులు, నడుమ భవంతి, ముందుకు దిగిన చూరు. మిట్టమధ్యాహ్నం బయట నిప్పులు కురిసినా లోపలి అర్రలో చాప వేసుకొని పడుకునేవాళ్లం. పాత కచ్చేరీలకు కూడా ఎత్తైన కప్పు, చుట్టూ వరండా ఉండేవి. ఎండాకాలంలో దర్వాజలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు.

తర్వాత స్లాబు వచ్చింది. తప్పేమీ లేదు, అంతస్తు మీద అంతస్తు కావాలంటే స్లాబే గతి. మట్టిగోడలతో అయిదంతస్తుల ఆసుపత్రి కట్టమని నేను అనను. కాని స్లాబుతోపాటు చూరు పోయింది, వరండా పోయింది, గోడ సన్నబడింది. ఆ పైన పడమటి ముఖానికి నిలువెత్తు అద్దం వచ్చింది. ముందు వేడిని లోపలికి పిలుస్తాం, తర్వాత దాన్ని వెళ్లగొట్టడానికి ఎ.సి. పెడతాం. ఎ.సి. వెనుక భాగం వీధిలోకి వేడి ఊదుతుంది. పక్కవాడు కూడా ఎ.సి. పెడతాడు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఎస్టిమేట్లు వేసినవారందరికీ తెలుసు. ఎస్టిమేటులో ఇటుకకు లెక్క ఉంటుంది, సిమెంటుకు, ఇనుముకు లెక్క ఉంటుంది. ఆ భవనం యాభై ఏండ్లు కట్టబోయే కరెంటు బిల్లుకు మాత్రం కాలమ్ ఉండదు. కట్టే పద్దు ఒకటి, కరెంటు పద్దు మరొకటి. ప్రైవేటు కాంప్లెక్సులోనైతే కట్టేది యజమాని, బిల్లు కట్టేది మడిగ కిరాయికి తీసుకున్నవాడు. గోడ సన్నగా కట్టి మిగుల్చుకున్న డబ్బు ఒకరి జేబులోకి పోతే, దాని శిక్ష మరొకరు నెలనెలా కడతారు. ఈ చిక్కును ఎవరి మంచితనానికో వదిలేయక చట్టంలో పెట్టడమే ఈ కోడు చేసిన పని.

దాని పుట్టుక కొద్దిగా చెప్పి ముందుకు పోతాను. 1973లో అరబ్బు దేశాల చమురు సంక్షోభం వచ్చాక పాశ్చాత్య దేశాలు భవనాల కరెంటు మీద దృష్టి పెట్టాయి. మన పార్లమెంటు 2001లో ఇంధన పొదుపు చట్టం చేసింది. 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. మీ ఇంట్లో ఫ్రిజ్ మీద నక్షత్రాల గుర్తులు వేయించినది ఈ సంస్థే. 2007 మే నెలలో కోడు వెలువడింది, 2017లో సవరించారు. మామూలు భవనంతో పోలిస్తే నాలుగో వంతు కరెంటు ఆదా కావాలన్నది 2017 కోడులో మొదటి మెట్టు. అంతకు మించి చేయదలచినవారికి పైన ఇంకా రెండు మెట్లున్నాయి, చివరి మెట్టులో సగం ఆదా. 2022లో చట్టాన్నే సవరించి పెద్ద నివాస భవనాలను కూడా దాని పరిధిలోకి తెచ్చారు.

కేంద్రం కోడు రాసినంత మాత్రాన అమలు కాదు. రాష్ట్రం ఉత్తర్వు ఇవ్వాలి. మన ఉమ్మడి రాష్ట్రం ఆ పనిని 2014 జనవరిలో, విభజనకు కొద్ది నెలల ముందు, పురపాలక శాఖ జి.ఓ. ద్వారా చేసింది. హైదరాబాదు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ నిపుణులు దానికి తోడ్పడ్డారు. తర్వాత తెలంగాణ రాష్ట్రం దాన్ని కొనసాగించింది. 1000 చదరపు మీటర్ల స్థలం గాని, 2000 చదరపు మీటర్ల కట్టడం గాని ఉన్న వాణిజ్య, ప్రజా భవనాలకు ఇది తప్పనిసరి. మన లెక్కలో చెప్పాలంటే స్థలం సుమారు పది గుంటలు, కట్టడం సుమారు ఇరవై ఒక్క వేల అయిదు వందల చదరపు అడుగులు. ఆసుపత్రులు, హోటళ్లు, కన్వెన్షన్ సెంటర్ల వంటి వాటికైతే విస్తీర్ణంతో నిమిత్తం లేదు. పది గుంటల స్థలంలో కట్టే షాపింగు కాంప్లెక్సు కరీంనగర్‌లో లేదా? మంచిర్యాలలో లేదా? ఇది హైదరాబాదు సంగతి మాత్రమే కాదని ఇప్పుడైనా ఒప్పుకుంటారనుకుంటాను.

కోడు అడిగేవి కొత్త బ్రహ్మవిద్యలేమీ కావు.

మొదటిది భవనం పై తొడుగు, అంటే గోడలు, కప్పు, కిటికీలు. ఎ.సి. భవనంలో ఉత్త కాంక్రీటు స్లాబు లోపలికి పంపే వేడిలో సుమారు పదో వంతు మాత్రమే రావాలి. అందుకు స్లాబు మీద వేడిని ఆపే బోర్డులు పరచి, పైన తెల్లని పెంకు ముక్కలో, తెల్లని పూతో వేస్తారు. గోడకు మామూలు ఇటుక బదులు ఎ.ఎ.సి. దిమ్మెలు వాడవచ్చు. లోపల సన్నని గాలి బుడగలుండటం వల్ల అవి వేడిని తొందరగా పోనీయవు. థర్మల్ కేంద్రాల బూడిదతో వీటిని తయారు చేస్తారు. మన బూడిద మన గోడలోకి వచ్చి మన కరెంటును ఆదా చేస్తుందంటే అంతకంటే ఏం కావాలి? అద్దం గోడలో నూటికి నలభై పాళ్లు దాటకూడదు. దానికి నీడనిచ్చే సజ్జ ఉంటే ఇంకా మంచిది. మన పెద్దల చూరు ఇదే గదా!

రెండవది ఎ.సి.లు, పంపులు, నీళ్లు కాచే పరికరాలు. ఇవి తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేసే రకానివై ఉండాలి. మూడవది దీపాలు. పగటి వెలుగు వచ్చే చోట దీపం ఆరిపోయే ఏర్పాటు కావాలి. నాల్గవది వైరింగు, ట్రాన్స్‌ఫార్మర్ల వంటివి, మీటరు లెక్కలు. అయిదవది మిద్దె మీద సౌర పలకలకు స్థలం. ఇవన్నీ సరిగా ఉన్నాయా అని ప్లాను మంజూరప్పుడు ఒకసారి, కట్టిన తర్వాత మరొకసారి ప్రభుత్వం గుర్తించిన బయటి నిపుణుడు చూసి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి మన రాష్ట్రంలో పెట్టారు.

ఆదా ఎంత అంటారా? ఒక చిన్న ఊహ లెక్క వేద్దాం. ఒక భవనంలో 40 ఎ.సి.లున్నాయి. ఒక్కొక్కటి సగటున గంటకు ఒక యూనిట్ తీసుకొని, రోజుకు 10 గంటలు, ఏటా 250 రోజులు నడిస్తే లక్ష యూనిట్లు. నాలుగో వంతు తగ్గితే ఏటా 25 వేల యూనిట్లు మిగులుతాయి. యూనిట్ పది రూపాయలనుకుంటే రెండున్నర లక్షలు. బొగ్గు లెక్కన పదిహేడున్నర టన్నులు. ఒక్క భవనానికి, ఒక్క ఏడాదికి ఇది.

డబ్బు సంగతి అలా ఉంచి మన వయసు సంగతి చూద్దాం. 2015 వేసవిలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో రెండు వేల మందికి పైగా పోయారు. వేడికి ముందుగా వాడిపోయేది పసిపిల్లలు, మనలాంటి వృద్ధులు. మా ఇంట్లో కంటి ఆపరేషన్ కోసం ఒకసారి ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాను. పేరు అనవసరం. రోగులు కూర్చునే హాలుకు పడమటి వైపంతా అద్దమే. మధ్యాహ్నం మూడు దాటేసరికి ఎండ సగం హాలు ఆక్రమించింది. కట్టు కట్టుకున్న ముసలివాళ్లు కుర్చీలు జరుపుకుంటూ నీడ వెంట పోతున్నారు. ఎ.సి. 18 మీద పెట్టారు, అయినా చెమటలే. ఇంతలో కరెంటు పోయింది. జనరేటరు ఆపరేషన్ గదికి సరిపోయింది. హాలులో ఉన్న మేము లేచి బయట వేపచెట్టు కిందికి పోయాం. అక్కడ హాయిగా ఉంది. కోడు ప్రకారం కట్టిన భవనమైతే కరెంటు పోయినా కొంతసేపు చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది. ఆసుపత్రిలో ఆ కాసేపటి విలువ ఎంతో మీకు వేరే చెప్పనక్కర లేదు.

ఖర్చెక్కువ అనేవారున్నారు. నిజమే, కట్టేటప్పుడు కొంత ఎక్కువవుతుంది. కాని గోడ మందం, కప్పు పొరలు, చిన్న ఎ.సి. ఇవి ఒకదానికొకటి ముడిపడినవి. లోపలికి వచ్చే వేడి తగ్గితే కొనవలసిన ఎ.సి.ల టన్నులు కూడా తగ్గుతాయి. కిటికీని పడమటి నుండి ఉత్తరానికి మార్చడానికి రూపాయి ఖర్చు లేదు, కాగితం మీద గీత మార్చడమే. అదే గోడ లేచిన తర్వాతైతే పగులగొట్టాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

చేసి చూపినవారూ ఉన్నారు. హైదరాబాదులో సి.ఐ.ఐ. వారి గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో ఆనాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. కప్పు మీద పచ్చిక, చల్లని గాలిని పంపే గాలి గోపురాలు, జాలీ గోడలు అక్కడ చూడవచ్చు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం చల్లని కప్పుల విధానం కూడా ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలతోపాటు 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇండ్లకు కూడా ఎండను తిప్పికొట్టే కప్పు ఉండాలన్నది దాని సారాంశం.

ఇక నా మనవులు మూడు.

ఒకటి: మీ కొడుకో, అల్లుడో కాంప్లెక్సు, ఫంక్షను హాలు కడుతుంటే ఇంజనీరును మూడు ప్రశ్నలడగండి. పడమటి వైపు అద్దమెంత? స్లాబు మీద వేడిని ఆపే పొర ఏది? కోడు సర్టిఫికెట్ ఎవరిస్తారు? మన మాట వింటారో లేదో గాని అడిగినందుకు కోప్పడరు.

రెండు: కొత్తగా కట్టే పెద్ద ఆసుపత్రి, హోటలు, కన్వెన్షన్ సెంటరు ముందు కోడు ప్రకారం అనుమతి పొందిన వివరం బోర్డు మీద రాయించాలని మన రెండు పాత జిల్లాల మున్సిపల్ కమిషనర్లకు సంఘం తరఫున వినతిపత్రం ఇద్దాం. ఎక్కువగా ఆసుపత్రులలో కూర్చునేది మనమే గనుక అడిగే హక్కు మనకుంది.

మూడు: మన సమావేశ మందిరం. విస్తీర్ణం చిన్నది, కోడు మనల్ని బలవంతం చేయదు. అయినా ప్లానులో రోడ్డు వైపు, అంటే పడమటికి, నిలువెత్తు అద్దం చూపారు. దాన్ని గోడగా మార్చి, కిటికీలను ఉత్తరానికి, తూర్పుకు పెట్టి, పైన సజ్జ వేసి, స్లాబు మీద వేడిని ఆపే పొర, తెల్లని పెంకు ముక్కలు వేయాలని ప్రతిపాదిస్తున్నాను. ముందు అందం కొంత తగ్గవచ్చు. కాని మే నెలలో ఎనభై ఏండ్ల పెద్దమనిషి వచ్చి రెండు గంటలు కూర్చోగలిగితే అదే అందం. ఈ డబ్బు మనలో ప్రతి ఒక్కరూ పెన్షన్లో నుండి తీసి ఇస్తున్నది. నెలనెలా బిల్లు కూడా ఆ పెన్షన్లో నుండే రావాలి.

మార్చిన డ్రాయింగును, ఎస్టిమేటును రుసుము లేకుండా నేను తయారు చేసి వచ్చే నెల కార్యవర్గ సమావేశానికి అందజేస్తాను. ఆ ఎస్టిమేటులో కరెంటు బిల్లుకు కూడా ఒక కాలమ్ ఉంటుంది. సభ్యులు పరిశీలించి, నచ్చితే ఆమోదించండి, నచ్చకపోతే లోపాలు చెప్పండి, దిద్దుతాను.