వేసవిలో కారు చల్లదనం

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దల సామెత. రోళ్ళ మాట ఎట్లున్నా, ఆ దినాలలో మధ్యాహ్నం రెండు గంటలవేళ ఎండలో నిలిపిన కారు తలుపు తెరిచిన వారికి అందులో అతిశయోక్తి లేదని తెలిసిపోతుంది. స్టీరింగు చేతితో పట్టుకొన నలవి కాదు; సీటు పెనం మాదిరి కాలుతూ ఉంటుంది. ఏ.సి. మీట తిప్పితే మొదట వచ్చేది వడగాలి. అప్పుడు చాలమంది అనుకొనే మాట ఒకటే: "గ్యాసు అయిపోయినట్లున్నది, నింపించవలె." ఈ మాట ఎంతవరకు సబబో విచారించడమే నేటి ప్రసంగోద్దేశం.

ముందుగా గ్రహించవలసిన దేమంటే, ఆ యంత్రం చలువను పుట్టించదు. కారులోని వేడిని తీసుకొనిపోయి వెలుపల పారవేస్తుంది. మన ఇండ్లలోని మట్టి కూజాను చూడండి. కూజా గోడలనుంచి చెమ్మగిలిన నీరు ఆవిరి అయ్యేటప్పుడు, అందుకు కావలసిన వేడిని లోపలి నీటినుంచి గ్రహిస్తుంది. అందుచేత మిగిలిన నీరు చల్లబడుతుంది. కారులోనూ ఇదే ధర్మం. డాష్‌బోర్డు వెనుకనున్న సన్నని గొట్టాలలో ఒక ద్రవం ఆవిరి అవుతూ, వాటిమీదుగా వీచే గాలిలోని వేడిని హరిస్తుంది. కూజానుంచి పోయిన ఆవిరి మరల రాదు. ఇక్కడ మాత్రం ఆ ఆవిరిని కంప్రెసరు అదిమి, కారు ముందుభాగాన రేడియేటరు ఎదుటనుండే కండెన్సరుకు పంపుతుంది. అక్కడ అది తన వేడిని బయటి గాలికి అప్పగించి తిరిగి ద్రవమవుతుంది.

ఇట్లు ఒకే పదార్థం మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉంటుందే గాని, పెట్రోలు మాదిరి ఖర్చయిపోదు. అతుకుల వద్ద, రబ్బరు గొట్టాల గుండా ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం సహజమే. కాని ఏటేటా నింపించవలసి వస్తున్నదంటే, అది చిల్లికుండలో నీరు పోసినట్లే. కారేచోటు ముందు వెదకి బాగుచేయుమని మెకానిక్కును అడగవలెను. ఎన్ని గ్రాముల గ్యాసు పట్టునో చాల కార్లలో బానెట్టు క్రింది చీటీమీద వ్రాసి ఉంటుంది. ఆ తూకం ప్రకారమే నింపించవలెను. తక్కువైనా, ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. పైగా అనేక కార్లలో వాడే ఆర్-134ఎ అనే గ్యాసు, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకన్న వేయిరెట్లకు మించి భూమిని వేడెక్కించేది. దానిని ఊరక గాలిలోనికి వదలడం లోకానికి కూడ చేటు.

గ్యాసు సరిగా ఉన్నా చలువ చాలకపోతే, వేడి పోయే దారిని పరీక్షించవలెను. కారు పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, సిగ్నలు దగ్గర ఆగగానే చలువ తగ్గుతున్నదా? అయితే కండెన్సరుకు గాలి అందించే ఫ్యాను సరిగా తిరగడం లేదేమో చూపించండి. కండెన్సరు రేకుల నడుమ దుమ్ము, పురుగులు పేరుకున్నా అంతే. ఇంజను చల్లారిన తరువాత మెల్లని నీటిధారతో దానిని కడగవచ్చును. ధార జోరుగా కొడితే ఆ పలుచని రేకులు వంగిపోతాయి. ఇక, ఫ్యాను పూర్తిగా త్రిప్పినా లోపలికి గాలే తక్కువగా వస్తున్నదంటే, క్యాబిన్ ఫిల్టరు పూడిపోయి ఉండవచ్చును. పెక్కు కార్లలో అది గ్లవ్ బాక్సు వెనుక ఉంటుంది. దుమ్ము రోడ్లమీద తిరిగేవారు దానిని తరచుగా మార్చవలెను.

కారు నడిపేవారి చేతిలోనూ కొంత ఉన్నది. ఎండలో నిలిపిన కారులోని గాలి బయటి గాలికన్న ఎంతో వేడిగా ఉంటుంది. కనుక మొదట అద్దాలన్నీ దించి, ఒకటి రెండు నిమిషాలు నడిపి, ఆ వేడిగాలిని వెళ్ళగొట్టండి. తరువాత అద్దాలు మూసి, లోపలి గాలినే మరల మరల త్రిప్పే మీట వేయండి. చల్లబడిన గాలిని ఇంకా చల్లబరచడం యంత్రానికి సులువు. దూర ప్రయాణంలో మాత్రం అప్పుడప్పుడు కొత్తగాలిని రానివ్వవలెను. లేకుంటే ఊపిరి గాలి నిండి, మగత కమ్ముతుంది.

చివరగా అన్నిటికన్న ముఖ్యమైన సంగతి. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ వైద్యులు 2005లో ప్రకటించిన పరిశీలన ఒకటి కలదు. బయట 22 నుంచి 36 డిగ్రీల సెంటిగ్రేడు వేడి మాత్రమే ఉన్న దినాలలో కూడ, మూసి నిలిపిన కారులో గంటసేపటికి సగటున 22 డిగ్రీలు అదనంగా పెరిగినట్లు వారు కనుగొన్నారు. అందులో నూటికి 80 పాళ్ళు మొదటి అరగంటలోనే పెరిగినది. అద్దాలు కొద్దిగా దించి ఉంచినా చెప్పదగిన మేలు కలుగలేదు. ఇక 44, 45 డిగ్రీలు కాసే మన ఊళ్ళమాట వేరుగా చెప్పనేల? పసిపిల్లల శరీరం పెద్దల శరీరంకన్న త్వరగా వేడెక్కుతుంది. "రెండు నిమిషాల పని" అని అంగడిలోనికి పోయేటప్పుడు నిద్రించే బిడ్డను కారులో విడిచి పోరాదు. దిగేముందు వెనుక సీటు ఒకసారి చూచి, తరువాతనే తలుపు తాళం వేయండి.