పాసుపుస్తకం చివరి పేజీలో ఒక తేదీ
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఎనిమిదో తరగతి వరకే చదివాం. బరంపురంలో సంఘం కార్యదర్శిగా పట్టు లెక్క, కూలి లెక్క, పొదుపు లెక్క రాసుకునేవాళ్ళం. కాపర్-టీ గురించి ఈయనకేం పని అని వెనక కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. వైద్యం సంగతులు నర్సమ్మగారిని అడిగి రాసుకునే వచ్చాం.

ముందు మా ఇంటి సంగతి చెబుతాం. మా రెండో అబ్బాయి పుట్టాక మా ఇంటావిడ కాపర్-టీ వేయించుకుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి కాస్త ఎక్కువ కావచ్చు, తరువాత సర్దుకుంటుంది అన్నారు. చాలామందికి అలాగే సర్దుకుంటుంది. ఆవిడకి సర్దుకోలేదు. నెలనెలా ఎనిమిది, తొమ్మిది రోజులు. కండెలు చుడుతూ గోడకి ఆనుకుని కూర్చునేది. "తీయించేసుకుంటానండీ" అంది. దసరా గిరాకీ ఉంది, ఆర్డరు అవనీ అన్నాం. అది అయ్యింది, ఇంకోటి వచ్చింది. ఇలా రెండేళ్ళు. ఒకరోజు రాట్నం దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తం ఆరు గ్రాములే ఉందన్నారు. తీయడానికి పట్టింది ఐదు నిమిషాలు. మేము ఆపింది రెండేళ్ళు. ఆ తప్పు మాది, కాపర్-టీది కాదు.

కాపర్-టీ మంచి సాధనమే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు. కానీ వేయించుకోవడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు తీయించాలో తెలియడం అంత ముఖ్యం.

మొదటిది, గడువు. 380ఏ రకం 10 ఏళ్ళు, 375 రకం 5 ఏళ్ళు పనిచేస్తుంది. పడుగు అయిపోయాక ఎంత తొక్కినా చీర దిగదు కదా. ఇదీ అంతే, గడువు దాటితే దాని మీద భరోసా పెట్టుకోలేం. కావాలంటే పాతది తీసిన రోజే కొత్తది వేస్తారు.

రెండోది, మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే. గడువు దాకా ఆగక్కర్లేదు. తీయించాక గర్భం రావడానికి అది అడ్డు కాదు.

మూడోది, బాధ. రక్తం ఎక్కువగా పోవడం, నొప్పి తగ్గకపోవడం, పొత్తికడుపు నొప్పితో జ్వరం, వాసనతో తెల్లబట్ట. ఇవుంటే వెంటనే డాక్టరుకి చూపించాలి. మందుతో తగ్గుతుందా, తీయాలా అన్నది వాళ్ళు చూసి చెబుతారు.

నాలుగోది, కాపర్-టీ ఉండగా నెల తప్పితే. ఇది అరుదు. కానీ ఆ రోజే పరీక్ష చేయించాలి. గర్భం ట్యూబులో నిలిచిందంటే ప్రాణాపాయం. కడుపులో ఒకపక్క నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే రాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఐదోది, ముట్లు ఆగిపోతే. 50 దాటినవాళ్ళు ఆగిన ఏడాదికి, అంతకంటే చిన్నవాళ్ళు రెండేళ్ళకి తీయించుకోవాలి. మన పెద్దమ్మలు చాలామంది దీన్ని మరిచిపోతారు.

ఇవేవీ లేకపోయినా, ఆవిడ "నాకు వద్దు" అంటే అదే చాలు. మొగుడి సంతకం అక్కర్లేదు, అత్తగారి అనుమతి అక్కర్లేదు.

తీసేది డాక్టరో, శిక్షణ పొందిన నర్సో. దానికి దారాలుంటాయి, వాటిని పట్టి తీస్తారు. దారం మన చేతిలో పనే కదా అని ఇంట్లో లాగకండి. దారం తగలకపోతే స్కానింగు తీస్తారు. అది గుండెకి పాకిపోతుందన్న మాట నమ్మకండి. ఇంకో జాగ్రత్త. ఇప్పుడే గర్భం వద్దనుకునేవాళ్ళు తీయించడానికి ఏడు రోజుల ముందు నుంచే నిరోధ్ వాడాలి, లేదా దూరంగా ఉండాలి. తీశాక వాడే పద్ధతి కూడా ముందే అడిగి పెట్టుకోవాలి.

మన కష్టం ఇంకోటుంది. కాన్పయిన 48 గంటల్లోపే కాపర్-టీ వేసే పద్ధతి ఉంది. ఆడపిల్ల పుట్టింట్లో కాన్పవుతుంది, కార్డు పుట్టింట్లోనే ఉండిపోతుంది. ఇక్కడ కార్డు ఒడియాలో రాస్తారు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కోడలికి చదవడం రాదు. మొగుడితో సూరత్ పోతుంది, లేదా షోలాపూర్ పోతుంది. పదేళ్ళకి ఎవరికి గుర్తుంటుంది? అందుకే ఆసుపత్రి నుంచి బయటికి వచ్చే ముందే అడగండి. ఏమి వేశారు, ఏ రకం, ఎప్పుడు తీయించాలి?

ఆ తేదీ ఇంట్లో పొదుపు పాసుపుస్తకం చివరి పేజీలో తెలుగులో రాసుకోండి. సంఘం పుస్తకంలో వద్దు. అది ఆడమనిషి సొంత సంగతి, మేము కూడా చూడకూడదు.

మగవాళ్ళకి ఒక్క మాట. ఇంట్లో ఆవిడ "బాగోలేదు" అంటే ఆ రోజే మగ్గం ఆపండి. చీర ఒకరోజు ఆలస్యమైతే షావుకారు ఊరుకుంటాడు. మేము ఊరుకోమన్నందుకు మా ఇంటావిడ రెండేళ్ళు ఊరుకుంది. ఇప్పుడు బాగానే ఉంది, ముందు వరసలోనే కూర్చుంది. ఈ మాటలు చెప్పమని పంపింది కూడా ఆవిడే.